గంట రెండుసార్లు

గుడారం మీద మంచు ఇంకా ఆరలేదు.
తడిగుడ్డనే మడిచి, చుట్టి,
వెనక చక్రం మీదికి ఎక్కించాను.
నిన్నటికంటే అరకిలో ఎక్కువ బరువు,
ఈ ఊరి మంచుది.

సోమవారమని మర్చిపోయాను.
రొట్టెల కొట్టు మూసేశారు.
పక్కన గోడకి చేరగిలబడ్డ యంత్రం
నాణేలు మింగి, కాసేపు గొణిగి
అర్ధరాత్రి నిద్ర లేపిన సత్రం కాపలావాడిలా
పొడుగాటి రొట్టెని కిందికి విసిరేసింది.
దాన్ని తాళ్ళ కింద ఇరికించి
తోకతో సహా బయల్దేరాను.

క్రూజ్ జిల్లా మ్యాపులో గోరంత.
నేల మీద ఎక్కుడు, దిగుడు, మళ్ళీ ఎక్కుడు.
ఎక్కేటప్పుడు ప్రతి రాయీ ఆపి పలకరిస్తుంది.
దిగేటప్పుడు ఊళ్ళకి ఊళ్ళే
పేరైనా చెప్పకుండా పోతాయి.
కంచె పొడవునా ఎర్రావులు నా వెంట పరుగెత్తి
కంచె అయిపోయినచోట ఆగి
ఇంతేనా, అన్నట్టు చూశాయి.

ల్యోన్ నగరంలో ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు నడిపాను.
ప్రయాణమంటే నాకు
వీపు వెనక డెబ్భైమంది దగ్గులు.
ఇప్పటికీ ఊరి బోర్డు కనబడగానే
ఎడమచెయ్యి తలుపుల మీట కోసం వెతుకుతుంది.
ఎవరూ దిగరు.
ఎవరూ ఎక్కరు.
అయినా ఒక క్షణం ఆగుతాను, అలవాటు కొద్దీ.

పదకొండున్నరకి సీసాలో నీళ్ళు అయిపోయాయి.
సైకిలు మీద తిరిగేవాళ్ళందరికీ తెలుసు,
ఇక్కడ దాహం వేస్తే సమాధుల తోటకి పోవాలి.
చచ్చిపోయినవాళ్ళ పువ్వుల కోసం
అక్కడో కుళాయి కచ్చితంగా ఉంటుంది.

"అది తాగకమ్మాయ్, తుప్పు నీళ్ళు.
మా ఆయన తాగేవాడు.
ఇదిగో, ఇక్కడున్నాడు."
ఆకుపచ్చ డబ్బాతో మొక్కలు తడుపుతూ సొలాంజ్.
యాభై ఏడేళ్ళ నన్ను అమ్మాయ్ అన్నందుకు మురవాలో,
ఆయన గురించి విచారించాలో తేల్చుకునేలోపు
ఆవిడే ఫక్కున నవ్వింది.
రాతి మీద ఆయన పేరు కింద ఆవిడ పేరు,
పుట్టిన సంవత్సరం, ఒక గీత,
గీత తర్వాత నున్నటి ఖాళీ.
"రెండూ ఒకేసారి చెక్కించుకుంటే
కొంత తగ్గిస్తానన్నాడు."

అప్పుడు పన్నెండు కొట్టింది.
ఆగింది.
మళ్ళీ మొదటినుంచీ పన్నెండు.

"రెండుసార్లెందుకు?"
"పట్నందానివి, నీకేం తెలుసు?
మొదటిది తల ఎత్తడానికి.
రెండోది లెక్కపెట్టడానికి."

ఆవిడ సంచిలో పుదీనా షర్బత్ ఉంది,
నా సైకిలు మీద రొట్టె ఉంది.
సోమవారం ఆవిడకీ సోమవారమే కదా.
గోడ నీడలో కాళ్ళు జాపుకుని విరుచుకు తిన్నాం.
"ఒక్కదానివేనా?"
"ఒక్కదాన్నే."
"ఎవరూ రామన్నారా?"
"నేనే పిలవలేదు."
ఆవిడ ఒడిలోని పొట్టు దులుపుకుంది.
పిచ్చుకలకి ఆ జవాబు చాలింది.

మధ్యాహ్నమంతా ఎదురుగాలి.
దాని గురించి చెప్పడానికేమీ లేదు,
తల దించుకుని తొక్కడమే.
మూడింటికి ముందు చక్రం ఉస్సుమంది.
పశువుల తొట్టిలో ట్యూబు ముంచి
చిల్లు కోసం చూస్తుంటే
ఒక దూడ వచ్చి
నా బుడగల్లోనే మూతి పెట్టి తాగింది.
ట్రాక్టర్ కుర్రాడు ఆపలేదు గానీ
స్టీరింగు మీంచి ఒక వేలు పైకెత్తాడు.
మా బస్సులవాళ్ళమూ
ఎదురుపడితే అంతే, ఒక్క వేలు.
ఏడుపొచ్చింది నాకు. ఎందుకో అడక్కండి.

చెరువు పక్క శిబిరంలో ఎవరూ లేరు.
ఆరు యూరోలు కవరులో పెట్టి
డబ్బాలో వెయ్యమని రాసుంది, వేశాను.
పొద్దుటి గుడారం విప్పితే
పొద్దుటి ఊరి తడి వాసన వచ్చింది.
పిక్కలు రెండూ విడివిడిగా సలుపుతున్నాయి,
తగువు పడ్డ తోబుట్టువుల్లా.

అవతలి గట్టున గంట కొట్టింది.
మేజోళ్ళు పిండుతున్నాను, సరిగ్గా వినలేదు.
పర్లేదు, మళ్ళీ కొడుతుందిగా.
ఈసారి చేతులాపి లెక్కపెట్టాను.
ఆరే వచ్చాయి.
గడియారంలో ఏడు.